పని బంద్ చేసి విసిరిన సవాలు

1978 సెప్టెంబర్ 7న చుట్టుపక్కల ఊళ్ల రైతుకూలీలు వేలాదిగా జగిత్యాలకు తరలివచ్చారు. జగిత్యాల జైత్రయాత్ర అనగానే ఆ జనప్రవాహమే గుర్తొస్తుంది. దొరలకు అంతకన్నా గట్టి సవాలు ఊళ్లలోనే ఎదురైందని నా నమ్మకం. చాకలి బట్టలు ముట్టలేదు, మంగలి గడప తొక్కలేదు, జీతగాళ్లు నాగలి కట్టలేదు.

ఇలాంటి సవాలుకు ఇంగ్లీషులో బాయ్‌కాట్ అని పేరు. ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. 1880లో కౌలు తగ్గించమన్న రైతుల మాట వినకపోతే, అతనికి పనిచేసేవాళ్లు, సరుకు అమ్మేవాళ్లు లేకుండా చేశారు. పంట కోయడానికి బయటి నుంచి ఓ యాభైమందిని తెచ్చి, వాళ్లకు వెయ్యిమంది దాకా సైనికుల్ని కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది చివరికి అతను ఊరు విడిచిపోయాడు. పేరు మాత్రం భాషలో ఉండిపోయింది.

మన దగ్గర వెలి కొత్తది కాదు. కాకపోతే అది పైనుంచి కిందికే పడేది. గడీ మాట కాదన్నవాడికి నిప్పూ నీళ్లూ బంద్. వెట్టి, దండుగలు, నజరానాలు ఆ భయం మీదే నడిచాయి. ఎమర్జెన్సీ పోయాక, 1978 ఎండాకాలంలో ‘గ్రామాలకు తరలండి’ అంటూ రాడికల్ విద్యార్థులు పల్లెలకు వచ్చారు. రైతుకూలీ సంఘాలు బలపడ్డాయి. కూలి పెంచాలి, ఆక్రమించిన సర్కారు భూములు వదలాలి, గుంజిన దండుగలు తిరిగివ్వాలి అని అడిగాయి. వినని దొరను ఊరే వెలివేసింది. తరతరాల వెలిని కూలీలు ఇలా తిరగేశారు. కొందరు దొరలు గడీలు వదిలి పట్నాలకు చేరారు.

మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం అదే అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసులకు కాల్పుల అధికారమిచ్చే 1948 నాటి చట్టాన్ని పని మానేసిన కూలీల మీదికి తెచ్చింది. ఆ తర్వాతి కథ అడవికీ తుపాకికీ మళ్లింది. ఆనాటి పల్లెల కోసం అల్లం రాజయ్య నవల ‘కొలిమంటుకున్నది’ చదవండి.

జగిత్యాల ఇప్పుడు ఒక జిల్లా, సిరిసిల్ల మరో జిల్లా. వెలి మాత్రం మళ్లీ బలహీనుల మీదికే వచ్చింది. జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని దళితులను, గీత కార్మికులను బహిష్కరించిన ఉదంతాలు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. వాళ్లతో మాట్లాడితే జరిమానా, సరుకు అమ్మితే జరిమానా. దీన్ని ఊరి కట్టుబాటు అనడం అన్యాయం. దొరను నిలదీసిన కూలీలకూ, నిరుపేద ఇంటికి ఉప్పూ పప్పూ ఆపించే కమిటీకీ పోలికే లేదు.

దళితులను, ఆదివాసులను వెలివేయడం 2016 జనవరి 26 నుంచి అట్రాసిటీ చట్టం కింద నేరం. వెలిపడ్డ గీత కార్మికుడికి ఆ రక్షణ అందదు. మహారాష్ట్ర కులంతో పని లేకుండా సాంఘిక బహిష్కరణనే నేరం చేస్తూ 2016లో చట్టం చేసింది. తెలంగాణకూ అలాంటి చట్టం కావాలి; దాన్ని ముందుగా అడగాల్సింది జగిత్యాలే.