మిల్‌టౌన్‌లో మట్టల ఆదివారం

డాడర్ పెద్ద ఏరేమీ కాదు. విక్లో కొండల్లో పుట్టి, డబ్లిన్ దక్షిణపు పేటల పక్కనుంచి వంపులు తిరుగుతూ వచ్చి రింగ్స్‌ఎండ్ దగ్గర లిఫీ నదిలో కలిసిపోతుంది. గోదావరి చూసిన కంటికి అది కాలువలాగే కనిపిస్తుంది. ఆ ఏటి ఒడ్డున మిల్‌టౌన్ అనే పేట ఉంది, తొమ్మిది కమానుల పాత రైలు వంతెన ఉంది. ఇప్పుడు ఆ దారిన లువాస్ ట్రాము తిరుగుతోంది. ట్రాము దిగి కాస్త నడిస్తే రోడ్డు వారన ఓ ఇళ్ల సముదాయం వస్తుంది. దాని పేరు గ్లెన్‌మలూర్ స్క్వేర్. అక్కడే ఒక స్మారకం ఉంది, 1998లో పెట్టారు. కొత్తవాళ్లు ఏ యుద్ధంలోనో పోయిన మనుషుల గుర్తనుకుంటారు. కాదు, అది ఒక ఫుట్‌బాల్ మైదానానికి నిలబెట్టిన రాయి. పోయిన ఆట స్థలానికి సమాధిరాయి నిలబెట్టారంటే, ఆ మనుషులకు అక్కడ పోయింది స్థలమొక్కటే అయుండదు.

ఆ మైదానం షామ్‌రాక్ రోవర్స్‌ది. ఆ జట్టు పుట్టింది ఏరు నదిలో కలిసే చోట, రింగ్స్‌ఎండ్‌లో. రేవు పనివాళ్లు, పడవలవాళ్లు బతికే పేట అది. అక్కడి షామ్‌రాక్ అవెన్యూ అనే వీధి పేరే జట్టుకు పెట్టుకున్నారు. సొంత చోటు లేక అక్కడా ఇక్కడా ఆడి, 1926లో ఏటి వెంట పైకి వచ్చి, మిల్‌టౌన్‌లో జెస్యూట్ గురువుల భూమి లీజుకు తీసుకుని గోల్‌స్తంభాలు పాతారు. ఆకుపచ్చ, తెలుపు అడ్డపట్టీల చొక్కా వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. బాబ్ ఫుల్లమ్ అనే రేవు కూలీ అప్పట్లో వాళ్ల వీరుడు. జట్టు ఎప్పుడు ఇరుకున పడ్డా ‘బంతి బాబ్‌కివ్వండి’ అని జనం కేకలేసేవారు. ఆ మాట మైదానం దాటి డబ్లిన్ వీధుల్లో నానుడిగా తిరిగింది.

1930లలో జో కన్నింగ్‌హామ్ అనే పందేల వ్యాపారి క్లబ్బును చేతిలోకి తీసుకున్నాడు. వాళ్ల కుటుంబపు మూలాలు విక్లోలోని గ్లెన్‌మలూర్ లోయలో ఉన్నాయి. ఆ లోయ పేరే మైదానానికి వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి వలసపోయి బళ్లారి వైపు క్యాంపులు కట్టుకున్న మన రైతులు చేసినట్టే, పరాయి నేలకు సొంతూరి పేరు పెట్టుకున్నారు. ఆ రైతులు భూమి కొనుక్కున్నారు. ఇక్కడ పేరొక్కటే సొంతం, భూమి లీజుది. అరవై ఏళ్ల తర్వాత తగిలిన దెబ్బ ఆ కాగితంలో అప్పుడే ఉంది. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించే అవసరం ఎందుకొస్తుంది? ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి జనం తండోపతండాలుగా వస్తుంటే, అది తమది కాదని ఎవరికి తోస్తుంది!

వైభవం చూసిన మైదానం అది. 1964 నుంచి 1969 దాకా వరసగా ఆరేళ్లు ఐర్లండు ఎఫ్.ఏ.ఐ. కప్పు రోవర్స్‌దే. లియమ్ టూహీ, ఫ్రాంక్ ఓనీల్, మిక్ లీచ్‌ల కాలం. 1968లో వాటర్‌ఫర్డ్‌తో ఆట చూడడానికి 28,000 మంది వచ్చారంటారు. డబ్లిన్ జనాభాను తలుచుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది.

పోటీ లేకుండా వైభవం ఉండదు. 1950లలో రోవర్స్‌కు అసలైన దాయాది డ్రమ్‌కాండ్రా. లిఫీకి ఉత్తరాన, టోల్కా ఏటి పక్కన టోల్కా పార్కు వాళ్ల ఇల్లు. నది ఇవతలి వాళ్లకూ అవతలి వాళ్లకూ మధ్య వైరం అది. 1972లో డ్రమ్‌కాండ్రా చేతులెత్తేసి హోమ్ ఫార్మ్ అనే మరో జట్టులో కలిసిపోయింది. ఓడించడానికి ఎదురుచూసే ఆ పేరు త్వరలోనే పట్టికలోంచి మాయమైంది. శత్రువు పోతే సంబరం ఉంటుందనుకుంటాం, నిజానికి మిగిలేది ఖాళీయే. అదే ఏడాది కన్నింగ్‌హామ్‌ల చేతి నుంచి రోవర్స్ కిల్కోయిన్ అన్నదమ్ముల చేతికి వెళ్లింది.

అప్పటికే టీవీలో ఇంగ్లండు ఆటలు వచ్చేశాయి. డబ్లిన్ కుర్రాళ్లు మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ పేర్లు జపిస్తున్నారు. పక్క వీధి జట్టు చిన్నదైపోయింది. కొత్త యజమానులు ఏమీ చేయలేదనడం అన్యాయం. 1977లో లీడ్స్ యునైటెడ్‌లో పేరు మోసిన జానీ గైల్స్‌ను ఆటగాడిగా, మేనేజర్‌గా వెనక్కి రప్పించారు. యూరప్‌ను గెలిచే జట్టు కావాలన్నంత పెద్ద కల కన్నారు. 1978లో కప్పు ఒకటి వచ్చింది కానీ జనం తిరిగి రాలేదు. ఆ తర్వాత జిమ్ మెక్‌లాక్లిన్ వచ్చాడు. 1984, 1985, 1986 వరసగా మూడు లీగ్ టైటిళ్లు. డెర్మట్ కీలీ చేతిలో 1987లో నాలుగోది. 1985 నుంచి కప్పు కూడా వాళ్లదే. ఇంత గెలుస్తున్నా స్టాండ్లు నిండలేదు.

నన్ను వదలకుండా వెంటాడేది ఇదే. జట్లు ఓడి ఓడి చితికిపోవడం చూశాం. రోవర్స్ కూలింది శిఖరం మీద నిలబడి. ఆటలో ఓడితే వచ్చే ఆదివారం ఉంటుంది. కాళ్ల కింద నేల అమ్ముడుపోతే వచ్చే ఆదివారమే ఉండదు.

1987 ఏప్రిల్ 12. మట్టల ఆదివారం. స్లైగో రోవర్స్‌తో కప్పు సెమీఫైనల్ రెండో ఆట. మిల్‌టౌన్‌లో ఇదే ఆఖరి ఆట, ఇకమీదట టోల్కా పార్కులో ఆడతామని ఆ ముందు రోజుల్లోనే యజమానులు చెప్పారు. ఈ కొద్ది జనంతో మైదానం నడపలేమన్నది వాళ్ల వాదన. ఆ ఉదయం గుళ్లో మట్టలు పట్టుకుని నిలబడి, మధ్యాహ్నం చారల మఫ్లరు మెడకు చుట్టుకుని వచ్చినవాళ్లు ఆ గుంపులో ఎంతమందో. విరామంలో జనం గట్లు దిగి పచ్చిక మీదికి వచ్చి కూర్చున్నారు. కొట్లాడడానికి దిగినవాళ్లు కారు. తండ్రి పక్కన నిలబడి ఆట చూసిన చోటిని ఒకసారి ఒంటికి ఆనించుకోవాలనిపించింది. కాసేపటికి లేచి వెనక్కి వెళ్లారు, ఆట సాగింది. రోవర్స్ ఫైనల్ చేరింది. ఫైనల్లో డండాక్‌ను 3-0తో ఓడించి కప్పు కూడా తెచ్చుకుంది. ఆ కప్పు తీసుకెళ్లడానికే ఇల్లు లేకుండా పోయింది.

ఆ తర్వాత అభిమానులు చేసిన పని ఏ గాథలోనైనా చెప్పుకోదగ్గది. ‘రోవర్స్‌ను మిల్‌టౌన్‌లోనే ఉంచాలి’ అని క్రామ్ అనే సంఘంగా కూడి, మైదానం కొనడానికి చందాలు పోగుచేశారు. టోల్కా పార్కు గేటు ముందు నిలబడి, లోపలికి వెళ్లొద్దని తమవాళ్లనే బతిమాలారు. లోపల తమ జట్టు ఆడుతోంది. గోల్ పడితే కేక బయటికి వినిపిస్తుంది. ఎవరు వేశారో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. అయినా టికెట్టు కొనలేదు. ఎంతో ఇష్టంగా పెంచుకున్న బిడ్డకు తమ చేతులతోనే అన్నం పెట్టకుండా నిలబడ్డం అది. తప్పా ఒప్పా అని తీర్పు చెప్పడం నాకు చేతకాదు. ఆ ఖాళీ స్టాండ్ల ముందు ఆడిన ఆటగాళ్ల మీద జాలి కలుగుతుంది. గేటు బయట నిలబడ్డ మనుషుల ముందు మాత్రం చెయ్యెత్తి నమస్కరించాలనిపిస్తుంది. ఒక్క సీజన్‌లో పంతం నెగ్గింది. 1988లో కిల్కోయిన్‌లు క్లబ్బును వదిలేశారు. నేల మాత్రం దక్కలేదు. ఇళ్లు కట్టే వ్యాపారి ముందు చందా డబ్బు చాలలేదు. 1990లో గ్లెన్‌మలూర్ పార్కును కూల్చేశారు.

శ్రీశైలం జలాశయం కింద మునిగిన సంగమేశ్వరం గుడి వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడుతుంది. ముంపు ఊళ్లవాళ్లు వచ్చి దణ్ణం పెట్టుకుని పోతారు. కాంక్రీటు ఏ వేసవిలోనూ తగ్గదు.

ఇక మొదలైంది అద్దె కాపురం. మొదట తలదాచుకున్న టోల్కా పార్కు చచ్చిపోయిన దాయాది ఇల్లు. తర్వాత రెండేళ్లు బతికున్న దాయాది ఇంట్లో గడిచాయి. డాలీమౌంట్ పార్కు బొహీమియన్స్‌ది. 1890 నుంచి సభ్యుల సొత్తుగానే ఉన్న క్లబ్బు అది. తమకు యజమాని ఉన్నాడు, ఇల్లు లేదు. వాళ్లకు యజమాని లేడు, ఇల్లుంది. డెర్బీ రోజున ఆ గట్టు మీద నిలబడిన రోవర్స్ అభిమానికి ఇది తట్టకుండా ఉంటుందా? తర్వాత బొహీమియన్స్ కూడా ఇల్లు పోగొట్టుకునే అంచుదాకా వెళ్లింది. డాలీమౌంట్‌ను 2006లో భవన వ్యాపారికి అమ్మడానికి ఒప్పుకుంది, ఆర్థిక పతనంతో ఆ బేరం చెడింది. చివరికి 2015లో డబ్లిన్ నగరపాలక సంస్థ ఆ మైదానాన్ని కొని ఆటకే ఉంచింది.

డాలీమౌంట్ తర్వాత రోవర్స్, గుర్రపు ప్రదర్శనలకు పేరుపడ్డ ఆర్.డి.ఎస్. మైదానంలో కొన్నేళ్లు ఉంది. 1994లో అక్కడే లీగ్ గెలిచింది. ఆ పైన పెట్టే బేడా సర్దుకుంటూ ఊరంతా తిరిగింది. డాడర్ ఏటికి ఇంకా ఎగువన, టాలాలో 2000లో సొంత స్టేడియం మొదలుపెట్టింది. డబ్బు అయిపోయి, సగం కట్టిన స్టాండు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నిలబడింది. 2005లో అప్పులు మెడదాకా వచ్చి క్లబ్బు కోర్టు రక్షణలోకి పోయింది. తప్పుడు లెక్కలు చూపినందుకు ఎనిమిది పాయింట్లు కోత పడ్డాయి. ఆ ఏడాది చివర డబ్లిన్ సిటీ అనే జట్టు చేతిలో ఓడి, చరిత్రలో మొదటిసారి కింది డివిజన్‌కు జారింది. వాళ్లను ఓడించిన ఆ జట్టు కూడా మరుసటి జులైలో మూతపడింది.

హైదరాబాదువాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. భారత ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఊరు మనది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్.సి. కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. గెలిచింది. నాలుగేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలు, యజమాని మార్పు, చివరికి 2025లో జట్టే ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కా వేసుకుని అరిచిన కుర్రాళ్లను ఎవరూ అడగలేదు. గేటు ముందు నిలబడదామన్నా గేటు లేదు.

రోవర్స్‌కు గేటు మిగిలింది. 2005లో క్లబ్బును అప్పుల గుంటలోంచి తీసింది ఏ షావుకారూ కాదు, ‘400 క్లబ్’ పేరుతో నెలనెలా డబ్బు కట్టుకుంటూ వచ్చిన అభిమానులే. మరుసటి ఏడాదే జట్టు పై డివిజన్‌కు చేరింది. టాలా స్టేడియాన్ని దక్షిణ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్ తీసుకుని పూర్తిచేసింది. ఆ మైదానంలో గేలిక్ ఆటలకూ చోటుండాలని స్థానిక సంఘం కోర్టుకెక్కింది, అది 2007లో తేలింది. ఈరోజుకీ క్లబ్బులో సగం సభ్యులదే. మిగతా సగం ఇద్దరు మదుపరులది. సభ్యుల సగాన్ని చేజారనివ్వకపోవడం మిల్‌టౌన్ నేర్పిన జాగ్రత్త. వెల ఎంత పెట్టాల్సి వచ్చిందో తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

2009 మార్చి 13, శుక్రవారం రాత్రి. టాలాలో మొదటి లీగ్ ఆట. ఎదురు జట్టు మళ్లీ స్లైగో రోవర్సే. గ్యారీ ట్విగ్ గోల్ వేశాడు, 2-1తో గెలిచారు. మధ్యలో ఇరవై రెండేళ్లు పోయాయి. మిల్‌టౌన్ పచ్చిక మీద కూర్చున్న అరవై ఏళ్ల పెద్దాయన బతికుంటే ఆ రాత్రికి ఎనభై రెండు. నాన్నల భుజాలెక్కి, ఆకుపచ్చ చారలు కట్టుకుని అరిచిన పిల్లల్లో మిల్‌టౌన్‌ను చూసినవాళ్లు ఒక్కరూ లేరు.