పరభాషలో తొలి పద్యం: విద్యార్థుల ఆంగ్ల రచనాభ్యాస చరిత్ర

1827వ సంవత్సరం చివరలో కలకత్తాలోని హిందూ కళాశాల మొదటి తరగతి విద్యార్థులను పరీక్షించడానికి సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ వచ్చారు. ఆంగ్లంలో పద్యరచనకు ప్రయత్నించి చూడవలసిందని ఆయన వారిని కోరారు. ఆనాడు పద్యం రాసి ఇవ్వగలిగినవాడిని తానొక్కడినేనని కాశీప్రసాద్ ఘోష్ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. 1830లో ఆయన ఆంగ్ల కవితా సంపుటి 'ది షాయర్' వెలువడింది. భారతీయ విద్యార్థుల చేత ఆంగ్లంలో సృజనాత్మక రచన చేయించడానికి జరిగిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

దీని వెనుక ప్రభుత్వ ఉత్తర్వేదీ లేదు. మెకాలే తన విద్యా నివేదికను సమర్పించింది 1835లో. హిందూ కళాశాలను అంతకు పద్దెనిమిదేళ్ల ముందే, 1817లో, కలకత్తా నగర ప్రముఖులు తమ విరాళాలతో నెలకొల్పారు. పేరుకు అది కళాశాల అయినా, చిన్న బాలురు మొదలు యువకుల వరకు చదువుకునే పెద్ద పాఠశాల వంటిది.

1826లో అక్కడ ఉపాధ్యాయుడిగా చేరిన హెన్రీ లూయీ వివియన్ డిరోజియో వయస్సు పదిహేడేళ్లు మాత్రమే. ఆయనకు విద్య నేర్పిన స్కాట్లండు దేశీయుడు డేవిడ్ డ్రమ్మండ్ స్వయంగా కవి. మరుసటి ఏడాదే డిరోజియో తొలి కవితా సంపుటి అచ్చయింది. వయస్సులో తనకు దాదాపు సమానులైన విద్యార్థులతో ఆయన తరగతి వేళలు దాటిన తరువాత కూడా చర్చలు సాగించేవారు. సొంతంగా ఆలోచించనివాడు సొంతంగా రాయలేడన్నది ఆయన బోధనకు ప్రాణం. 1830లో ఆయన శిష్యులు స్థాపించిన 'పార్థెనాన్' పత్రికను మొదటి సంచికతోనే అధికారులు నిలిపివేయించారు. 1831 ఏప్రిల్‌లో డిరోజియో ఉద్యోగాన్ని వదులుకోవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, ఇరవై రెండేళ్ల వయస్సులో, కలరా వ్యాధితో మరణించారు.

అయితే ఆయన నాటిన బీజం నశించలేదు. 1835లో కైలాస్ చంద్ర దత్ అనే హిందూ కళాశాల విద్యార్థి రాసిన ఆంగ్ల కథ ఒక కలకత్తా పత్రికలో వెలువడింది. 1945వ సంవత్సరంలో భారతీయులు బ్రిటిషు పాలనపై సాయుధంగా తిరుగుబాటు చేసినట్లు అందులో ఆయన ఊహించారు. కథలో ఆ తిరుగుబాటు విఫలమవుతుంది. కానీ పాలకుల భాషను అభ్యసించిన విద్యార్థి ఆ భాషలోనే వారి పాలన అంతాన్ని తలపోయడం గమనార్హం. మెకాలే ఆశించిన ఫలితానికి ఇది పూర్తిగా భిన్నం. పైగా రెండూ ఒకే ఏడాదిలో సంభవించాయి.

తరువాతి తరానికి కవిత్వం పట్ల అభిరుచి కలిగించిన అధ్యాపకుడు కెప్టెన్ డి.ఎల్. రిచర్డ్‌సన్. ఆయన కూర్చిన ఆంగ్ల కవుల సంకలనం 1840లో విద్యార్థుల కోసం వెలువడింది. మంచి పద్యాలను చదివి వినిపించడం, వాటి నడకను చెవికి అలవాటు చేయడం ఆయన పద్ధతి. ఈ పద్ధతిలో బలం ఉంది, ప్రమాదమూ ఉంది. శిష్యుడైన మధుసూదన దత్తు ఆంగ్ల కవుల ఒరవడిలో పద్యాలు రాసి ఇంగ్లండు పత్రికలకు పంపేవారు. ఇంగ్లండు చేరితే తప్ప తాను కవిని కాలేనని భావించారు. 1849లో ఆయన మద్రాసులో నివసిస్తూ 'ది కాప్టివ్ లేడీ' ప్రచురించారు. ఆంగ్లంలో సంపాదించిన అభిరుచిని మాతృభాషాభివృద్ధికి వినియోగించడం మేలని బెథ్యూన్ అప్పుడు సలహా ఇచ్చారు. 1861లో బెంగాలీలో 'మేఘనాదవధ కావ్యం' అవతరించింది. ఆంగ్లం నుండి నేర్చిన సానెట్ ప్రక్రియను సైతం ఆయన బెంగాలీకి అలవరచారు. తరగతి గదిలో జరిగిన అభ్యాసం ఆ విధంగా మాతృభాషకు ఫలించింది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. ప్రవేశ పరీక్షల ప్రాబల్యం పెరిగినకొద్దీ వ్యాకరణం, అనువాదం, భావసంగ్రహం ముందుకు వచ్చాయి. ఉద్యోగానికి అక్కరకు వచ్చే ఆంగ్లం వేరు, పద్యం రాసే ఆంగ్లం వేరు అన్న అభిప్రాయం బలపడింది.

హైదరాబాదులో పెరిగిన సరోజినీ నాయుడు ఉదంతం ఈ సందర్భంలో పేర్కొనదగినది. ఆంగ్లం మాట్లాడనని మొండికేసినందుకు తొమ్మిదో ఏట పెద్దలు ఆమెను ఒక రోజంతా ఒంటరిగా గదిలో ఉంచారు. తల్లి మాత్రం ఆమెతో ఎప్పుడూ హిందుస్తానీలోనే మాట్లాడేవారు. పదకొండో ఏట బీజగణితం లెక్క తేలక సతమతమవుతుండగా తనకు పద్యం స్ఫురించిందని సరోజిని స్వయంగా చెప్పుకున్నారు. పదమూడో ఏట ఆరు రోజుల్లో పదమూడు వందల పంక్తుల కావ్యం రాశారు. 1895లో ఇంగ్లండు వెళ్లిన తరువాత విమర్శకుడు ఎడ్మండ్ గాస్ ఆమె పద్యాలను చూశారు. వాటిలో ఉన్నవి ఇంగ్లండు పక్షులు, ఇంగ్లండు పల్లెల చర్చి గంటలు. వాటిని విడిచి తన దేశపు ప్రకృతిని, ప్రజలను, సంప్రదాయాలను చిత్రించవలసిందని ఆయన హితవు పలికారు. 1905 నాటి 'ది గోల్డెన్ త్రెషోల్డ్'లో పల్లకీ బోయీలు, పాములవాళ్లు కనిపిస్తారు.

ఈ హితవును పూర్తిగా నిస్వార్థమైనదిగా భావించనక్కరలేదు. తూర్పు దేశపు వింతల కోసం ఆంగ్ల పాఠకుడు పడే ఆరాటం కూడా అందులో ఉంది. కాశీప్రసాద్ ఘోష్ మాత్రం హిందువుల పండుగలపై 1830 నాటికే ఆంగ్ల పద్యాలు వెలువరించారు.

ఆంగ్లం ఒంటరిగా నిలవదని, బహుభాషా సామర్థ్యాన్ని పెంపొందించడమే దాని బోధన లక్ష్యమని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పేర్కొంది. రెండు శతాబ్దాల అనుభవం చెప్పేదీ ఇదే. ఇంట్లో పుస్తకాలు, ఇంగ్లండు ప్రయాణం, విద్యావంతులైన తండ్రులు ఉన్న పిల్లలకే ఆనాడు ఆ అవకాశం దక్కింది. నేడు గ్రామీణ పాఠశాలలో ఆంగ్ల కథ రాయడానికి కూర్చున్న బాలికకు ఇవేవీ ఉండకపోవచ్చు. అయితే ఆమెకు తన చెరువు, తన సంత, అమ్మమ్మ చెప్పిన కథ ఉన్నాయి. ఉపాధ్యాయుడు ముందుగా వాటిని అడిగి తెలుసుకోవాలి. వ్యాకరణ దోషాల దిద్దుబాటు ఆ తరువాతి పని.