చేర్పించే ముందు.. బడిని చదవండి!

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల తీరును తల్లిదండ్రులు అంచనా వేయడం ఎలా?

బిడ్డకు బడి ఈడు వచ్చిందంటే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒక్కటే. ఊళ్లోని సర్కారు బడిలో వేయాలా, పట్టణం నుంచి వచ్చే పసుపు బస్సు ఎక్కించాలా? ఇరుగుపొరుగు మాటనుబట్టో, గోడల రంగునుబట్టో, టై, బెల్టులనుబట్టో చాలా సందర్భాల్లో నిర్ణయం జరిగిపోతుంది. బడి లోపలికి వెళ్లి, పిల్లలు ఏం చదువుతున్నారో చూసి నిర్ణయించుకునే వారు తక్కువే. పని దినాన ఒక గంట వెచ్చిస్తే బడి బలమేమిటో, లోపమేమిటో చాలావరకు తెలిసిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

తెలుగు రాష్ట్రాల్లో పాఠశాలలు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. వేసవి సెలవుల్లో వెళ్తే తాళం వేసిన గదులు తప్ప మరేమీ కనిపించవు. అందువల్ల జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల్లోగా, వీలుకాకుంటే జూన్‌లో బడి తెరిచిన తొలి రోజుల్లో వెళ్లడం మేలు. ముందుగా ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోవాలి. ఉదయం ప్రార్థన వేళ వెళ్తే ఉపాధ్యాయులు, పిల్లలు ఎంతమంది, ఏ సమయానికి వచ్చారో కళ్లారా చూడవచ్చు. టీచర్ల బదిలీలు సాధారణంగా వేసవిలోనే జరుగుతాయి కనుక, వేసవికి ముందు చూసిన వారు జూన్‌లో మరోసారి వాకబు చేసుకోవాలి.

తరగతులెన్ని? టీచర్లెందరు?

మొదట తెలుసుకోవాల్సింది ఇదే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు విద్యార్థులుంటే ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు అయిదుగురు ఉపాధ్యాయులు ఉండాలి. 150 దాటితే ప్రధానోపాధ్యాయుడు అదనం.

ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. నలభై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లంటే ఒక్కొక్కరికి ఇరవై మందే. చూడటానికి ఇది ఎంతో మెరుగు. కానీ ఆ నలభై మందీ అయిదు తరగతుల్లో ఉంటారు. అంటే ఒక ఉపాధ్యాయుడు రెండు, మూడు తరగతులకు ఏకకాలంలో బోధించాలి. ఇద్దరిలో ఒకరు శిక్షణకో, సమావేశానికో వెళ్తే ఆ రోజు అయిదు తరగతుల భారమూ రెండో వారిపైనే పడుతుంది. కనుక ‘ఎంతమందికి ఒక టీచరు?’ అన్న ప్రశ్నతో ఆగకుండా ‘ఎన్ని తరగతులకు ఒక టీచరు?’ అని కూడా అడగాలి. ఒకరు సెలవు పెడితే ఏర్పాటు ఏమిటో తెలుసుకోవాలి.

తరగతులు కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన బోధన కుంటుపడుతుందనీ అనుకోరాదు. ఒక జట్టుకు పాఠం చెబుతున్నప్పుడు మిగిలిన జట్లకు చేయదగిన పని అప్పగించారా, లేక వారు ఖాళీగా కూర్చున్నారా అన్నది చూస్తే ఉపాధ్యాయుడి ప్రణాళిక అర్థమవుతుంది.

ఏ తరగతులు నడుస్తున్నాయి?

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పలుచోట్ల 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ఆ విధానాన్ని పక్కనపెట్టి బడులను మళ్లీ పునర్వ్యవస్థీకరించారు. తరగతికో ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు ఈ మార్పులో భాగంగానే వచ్చాయి. అందుచేత పాత జ్ఞాపకాలతో కాకుండా, ఈ ఏడాది ఆ బడిలో ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు నడుస్తున్నాయో అడిగి తెలుసుకోవాలి. అయిదో తరగతి తరువాత పిల్లలు ఎక్కడికి వెళ్తున్నారు, మధ్యలో పెద్ద రహదారి గానీ, వాగు గానీ దాటాల్సి ఉంటుందా అన్నదీ ఇప్పుడే ఆలోచించుకోవాల్సిన విషయం.

అసలు కొలమానం.. చదవడం, లెక్క

గదులు, బల్లలు, ఆకర్షణీయమైన బొమ్మలు ఒక ఎత్తు. పిల్లలు చదవగలగడం మరో ఎత్తు. కేంద్రం 2021 జులైలో ప్రారంభించిన ‘నిపుణ్ భారత్’ కార్యక్రమం తరగతివారీగా లక్ష్యాలను నిర్దేశించింది. ఒకటో తరగతి చివరికి నాలుగైదు సరళ పదాల వాక్యాలు చదవాలి. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. ఒకటో తరగతి వారికి 99 వరకు, రెండో తరగతి వారికి 999 వరకు, మూడో తరగతి వారికి 9999 వరకు అంకెలు చదవడం, రాయడం రావాలి. తెలంగాణలో ఇదే ఉద్దేశంతో 2022లో ‘తొలిమెట్టు’ మొదలైంది.

ఈ లక్ష్యాలే తల్లిదండ్రుల చేతిలో కొలబద్ద. ఉపాధ్యాయుడి అనుమతితో మూడో తరగతి పిల్లలు ముగ్గురు, నలుగురిని పిలిచి, రెండో తరగతి తెలుగు వాచకంలోని ఒక చిన్న పేరా చదివించవచ్చు. ముందు వరుసలో కూర్చున్న వారినే కాక వెనుక వరుస వారినీ పిలవాలి. పాఠం కంఠతా వచ్చిన పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. మధ్యలో ఒక పదంపై వేలు పెట్టి చదవమంటే నిజం తెలుస్తుంది. గుణింతాలున్న పదాల దగ్గర తడబడుతున్నారా, ఒత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర ఆగుతున్నారా అన్నది గమనించాలి. చదివిన దానిని సొంత మాటల్లో చెప్పమనాలి. లెక్కల్లో 52 నుంచి 27 తీసివేయమనాలి. రూ.50 ఇచ్చి రూ.32 సరకు కొంటే చిల్లర ఎంత రావాలని అడగాలి.

ఒకరిద్దరు తడబడితే బడి మొత్తానికి ముద్ర వేయడం సరికాదు. వెనుకబడిన పిల్లల కోసం ఏం చేస్తున్నారని అడిగినప్పుడు వచ్చే సమాధానమే ముఖ్యం. ఫలానా పిల్లవాడు ఒత్తుల దగ్గర ఆగుతున్నాడు, ఫలానా పాప తీసివేతలో ఇబ్బంది పడుతోంది అని పేరుపేరునా చెప్పగల ఉపాధ్యాయుడు ఉన్న బడి, గోడలు వెలిసిపోయినా మంచి బడే.

నోటుపుస్తకం చెప్పే సాక్ష్యం

రెండు, మూడు నోటుపుస్తకాలు తిరగేస్తే బోధన ఎంత క్రమబద్ధంగా సాగుతోందో బయటపడుతుంది. తేదీలు వరుసగా ఉన్నాయా, తప్పు దిద్దిన చోట విద్యార్థి సరిచేసి మళ్లీ రాశాడా చూడాలి. పేజీ నిండా టిక్కులే ఉండి, వాటి కింద అక్షర దోషాలు అలాగే మిగిలిపోతే దిద్దుబాటు మొక్కుబడిగా జరుగుతోందని అర్థం.

ఇంగ్లిషు మాధ్యమం మాటేమిటి?

తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు సర్కారు బడుల్లో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టారు. ఉభయ రాష్ట్రాల్లోనూ ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిషు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. బోర్డుపై ‘ఇంగ్లిషు మీడియం’ అని రాసి ఉన్నంతనే ఇంగ్లిషు వచ్చేయదు. సర్కారు బడి అయినా, ప్రైవేటు బడి అయినా పరీక్ష ఒక్కటే. ఇంగ్లిషులో చదివిన పాఠాన్ని పిల్లవాడు తెలుగులో వివరించగలిగితే అతనికి అర్థమైనట్లు. వివరించలేకపోతే అది బట్టీ.

నీరు, మరుగుదొడ్డి, భోజనం

బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షిత తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ, దివ్యాంగులు వెళ్లేందుకు వీలైన దారి ఉండాలని చట్టం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘నాడు-నేడు’, తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు-మన బడి’ కార్యక్రమాల కింద అనేక బడులు కొత్త రూపు దిద్దుకున్నాయి. అయితే మరుగుదొడ్డి ఉండటం వేరు, వాడుకలో ఉండటం వేరు. తలుపునకు గడియ, కుళాయిలో నీళ్లు, శుభ్రం చేసే మనిషి.. ఈ మూడూ ఉన్నాయా అన్నది చూడాలి. బడిలో మంచినీళ్లు తాగకుండా రోజంతా గడిపే ఆడపిల్లలున్నారంటే మరుగుదొడ్డిలో లోపం ఉందేమోనని అనుమానించాలి.

మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఇవ్వాలన్నది కేంద్ర నిబంధన. వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడు సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని 2015 నాటి నిబంధనలు చెబుతున్నాయి. భోజన వేళ వెళ్తే మరో సంగతీ తెలుస్తుంది. హాజరు పట్టీలో ఉన్న పేర్లెన్ని, పంక్తిలో కూర్చున్న పిల్లలెందరు అన్న తేడా ఎక్కువగా ఉంటే కారణం అడగాలి.

హక్కులు తెలిసి ఉండాలి

చేరికకు రుసుము గానీ, ప్రవేశ పరీక్ష గానీ ఉండరాదు. వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించరాదు. బదిలీ పత్రం ఆలస్యమైందన్నదీ కారణం కారాదు. బడిలో చేర్చుకునేందుకు ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న తీర్పునిచ్చింది. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం చట్టరీత్యా నిషిద్ధం. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ అయితే సమీపంలోని ‘భవిత’ కేంద్రం వివరాలను మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో తెలుసుకోవచ్చు.

పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్పింది. కమిటీ చివరిసారి ఎప్పుడు సమావేశమైందో, ఏం తీర్మానించిందో అడగడం తప్పు కాదు. బడికి ఉన్న 11 అంకెల యూడైస్ సంఖ్యతో విద్యార్థుల సంఖ్య, ఉపాధ్యాయులు, వసతుల వివరాలను కేంద్ర విద్యాశాఖ పోర్టల్‌లో చూడవచ్చు. అవి బడి సమర్పించిన లెక్కలే కనుక కంటితో చూసిన దానితో సరిపోల్చుకోవాలి.

పిల్లలు తగ్గితే పోస్టూ పోతుంది

విద్యార్థుల సంఖ్యనుబట్టే ఉపాధ్యాయ పోస్టులను సర్దుబాటు చేస్తారు. 61 మంది ఉన్న బడిలో ఇద్దరు పిల్లలు మానేస్తే మూడో టీచరు పోస్టుకు చట్టం అండ ఉండదు. టీచరు తగ్గితే మరికొందరు తల్లిదండ్రులు పిల్లలను మాన్పిస్తారు. అలా ఒక్కో మెట్టే దిగుతూ బడి మూతపడే స్థితికి చేరుతుంది. ఆ దశలో నష్టపోయేది ప్రైవేటు ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలే. అందుకే సర్కారు బడిని చూడకుండానే కాదనుకోవడమూ, చూడకుండానే చేర్పించి ఊరుకోవడమూ రెండూ సరికావు. లోపం కనిపిస్తే కమిటీ సమావేశంలో అడగాలి, నచ్చితే పక్కింటి వారికి చెప్పాలి.

బడికి వెళ్లినప్పుడు అడగాల్సినవి

* ఈ ఏడాది ఏయే తరగతులున్నాయి? ఒక్కో టీచరు ఎన్ని తరగతులు చూస్తున్నారు?
* టీచరు సెలవులో ఉంటే ఏర్పాటు ఏమిటి?
* మూడో తరగతిలో ఎంతమంది రెండో తరగతి వాచకం చదవగలరు?
* వెనుకబడిన పిల్లలకు ఏ వేళలో, ఎలా బోధిస్తున్నారు?
* మరుగుదొడ్లు శుభ్రం చేసేది ఎవరు? తాగునీరు ఎక్కడి నుంచి వస్తోంది?
* యాజమాన్య కమిటీ చివరి సమావేశం ఎప్పుడు జరిగింది?
* అయిదో తరగతి ముగించిన వారు ఎక్కడ చేరుతున్నారు?