తృణమణి ఉన్న ఊరు

బెంగళూరుకు దక్షిణాన, కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల్లోని 332 ఎకరాల్లో 1978లో ఎలక్ట్రానిక్ సిటీ మొదలైంది. కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ తరఫున ఆర్.కె. బాళిగ తలపెట్టిన పని అది. 1994లో ఇన్ఫోసిస్ అక్కడికి చేరింది. ఆ ఊరి పాతపేరులోని అగ్రహారం మనకు తెలిసిన మాటే: పండితులకు దానమిచ్చిన ఊరు. కొత్తపేరు మూలం గ్రీకు. గ్రీకులో ఎలక్ట్రాన్ అంటే అంబర్ అనే పసుపుపచ్చని శిలాజ బంక. గుడ్డతో రుద్దితే గడ్డిపోచల్ని లాక్కుంటుంది. ఆ గుణాన్ని బట్టే 1600లో శాస్త్రవేత్త విలియం గిల్బర్ట్ అలాంటి పదార్థాలను లాటిన్‌లో ఎలక్ట్రికస్ అన్నాడు, 1891లో భౌతికశాస్త్రవేత్త స్టోనీ విద్యుదావేశపు మూల ప్రమాణానికి ఎలక్ట్రాన్ అని పేరు పెట్టాడు. అదే బంకను సంస్కృతం తృణమణి అంది, గడ్డిని పట్టే మణి! ఇది తెలిశాక ఎలక్ట్రానిక్ అనే మాటను బట్టీ పట్టాల్సిన పని ఉండదు. పెద్ద ఇంగ్లిష్ మాటలు మనవాళ్ళకు కొరుకుడు పడకపోతే, తప్పు నేర్పే పద్ధతిదని నా వాదన.

అమెరికాలో పైచదువుల కోసం రాసే జీఆర్ఈ పరీక్షకు తయారయ్యే పిల్లల చేతుల్లో ఏళ్ళ తరబడి నలిగింది బ్యారన్స్ 3500 పదాల జాబితా. అది అక్షరక్రమంలో నడుస్తుంది. అబేస్ అంటే కించపరచడం, అబాష్ అంటే సిగ్గుపడేలా చేయడం, అబేట్ అంటే తగ్గుముఖం పట్టడం. చెవికి ఒకేలా వినిపించి, అర్థంలో వేరైన మాటలు పక్కపక్కన చేరితే జ్ఞాపకంలో కలగాపులగం కాక ఏమవుతాయి? మన పెద్దలు అమరకోశాన్ని బట్టీ పట్టలేదా అని అడగవచ్చు. పట్టారు. కానీ దాన్ని రాసిన అమరసింహుడు మాటల్ని వర్గాలుగా కూర్చాడు. చెట్ల పేర్లు చెట్లతో, యుద్ధపు మాటలు యుద్ధంతో ఉంటాయి, పైగా ఛందస్సు తోడుంటుంది. మాటకు చుట్టాలున్నప్పుడు అది పోదు.

అయినా వల్లెవేతను పూర్తిగా వెనకేసుకు రాలేను. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన ఎ.డి. కాంప్‌బెల్ బళ్ళారి కలెక్టరుగా 1823లో అక్కడి 533 బడుల మీద నివేదిక పంపాడు. పిల్లలు పద్యాలెన్నో అప్పజెబుతారు గాని, అర్థం తెలియడంలో చిలుకకూ వాళ్ళకూ తేడా లేదన్నది అతని ఫిర్యాదు. పరాయి అధికారి మాటే అయినా అందులో నిజముంది. 1852లో సి.పి. బ్రౌన్ తన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులో చేసిన మేలు ఇక్కడే కనిపిస్తుంది: కవుల వాడుకను చూపుతూ అర్థం చెప్పాడు.

పరీక్షకు నెలే ఉంటే ధాతువులు వెతికే తీరికెక్కడిది అంటారు. ఆ ఇబ్బంది నిజమే. అయితే పరీక్షే మారింది. 2011 ఆగస్టులో జీఆర్ఈ నుంచి వ్యతిరేకపదాల ప్రశ్నలు, పోలిక ప్రశ్నలు పోయాయి. ఇప్పుడు పదాన్ని వాక్యంలోనే అడుగుతారు. పైగా ధాతువుల దారి మనకు కొత్త కాదు. సర్కమ్ అంటే చుట్టూ, స్పెక్ట్ అంటే చూడటం. నాలుగువైపులా చూసుకుని అడుగేసే మనిషిని సర్కమ్‌స్పెక్ట్ అంటారు. పరి, ఈక్ష కలిస్తే పరీక్ష అయినట్టే. ఉపసర్గలు చదివిన తెలుగు విద్యార్థికి ఇందులో సగం పని ముందే అయిపోయింది. కోచింగ్ కేంద్రాలవారికి నా మనవి ఒక్కటే: జాబితా అచ్చువేసేటప్పుడు ప్రతి మాట పక్కనా దాని ధాతువును, ఒక పూర్తి వాక్యాన్ని కూడా వేయండి.