పాఠశాలా వాద్యబృందములు – హోల్స్టు రచన

విద్యార్థులకై వ్రాసిన సంగీతము తక్కువ తరగతిదని కొందఱు తలంతురు. చరిత్ర యిందులకు విరుద్ధముగ నున్నది. వెనిసు నగరమున పియెటా యనాథశరణాలయములో 1703వ సంవత్సరమున వయొలిను నేర్పుటకు నియుక్తుఁడైన వివాల్డి యచటి బాలికలకై కూర్చిన కృతులను లోకము నేఁటికిని వినుచున్నది.

ఇరువదవ శతాబ్దమున నాంగ్లదేశములో నీ త్రోవ నడచినవారిలో గణనీయుఁడు గుస్తావు హోల్స్టు. ఇతఁడు సంస్కృతము నభ్యసించి ఋగ్వేదసూక్తములను దానే యాంగ్లీకరించి స్వరపఱచెను. సావిత్రీకథను గేయనాటకముగ రచించెను. 1905 మొదలుకొని 1934లో మరణించువఱకు లండనునందలి సెంటుపాల్సు బాలికాపాఠశాలలో సంగీతోపాధ్యాయుఁడు. 1913లో నా పాఠశాలవారు బయటి శబ్దము చొరని గది నొకదానిని గట్టించి యిచ్చిరి. అందులకుఁ గృతజ్ఞతగ వెలసినదే నాలుగు ఖండికల సెంటుపాల్సు స్యూటు.

ఇది తంత్రీవాద్యములకు వ్రాసినది. ఐనను ఊఁదువాద్యముల బాలికలు ఊరక కూర్చుండకుండుటకై వారికిని భాగములు సమకూర్చెను. ఉన్న వాదకులనుబట్టి రచనను మలచు నీ పద్ధతి యుపాధ్యాయునకే తోఁచును. అట్లని రచన సులభమైనది కాదు. 1911లో సైనికవాద్యబృందమునకు వ్రాసినదానినే తిరుగఁ గూర్చిన తుదిఖండికలో, డార్గసన్ అను నాట్యపుఁ బాటపై వేఱునడకగల గ్రీన్‌స్లీవ్సు పాట నేకకాలమున నడపెను. ఇది ప్రౌఢవాదకులకును బరీక్షయే.

1933లో రుగ్ణుఁడై వైద్యశాలలో నుండియుఁ, జిన్నతరగతుల బృందమునకై బ్రూక్‌గ్రీన్ స్యూటును వ్రాసెను.