మకుటం

సంస్కృతంలో మకుటమంటే కిరీటం. తెలుగులో పుస్తకం పేరూ మకుటమే, శతక పద్యం చివర ప్రతిసారీ తిరిగి వచ్చే సంబోధనా మకుటమే. తలపై ఉండవలసినది పద్యం పాదాల దగ్గర చేరినా గౌరవం తగ్గలేదు. ఆ పద్యం ఏ శతకానిదో పట్టిచ్చేది అదే.

పద్యంలో, కీర్తనలో ఇలా పేరు నిలిపే అలవాటు కడప, కర్నూలు సీమ కవుల్లోనూ కనిపిస్తుంది. వేమన పద్యంలో కవి పేరు లోపలే ఉంటుంది. వీరబ్రహ్మం తన పద్యాల మకుటంలో కాళికాంబను పిలిచారు. తాళ్లపాక అన్నమయ్య కీర్తనల్లో తన పేరు కాదు, వేంకటేశుని పేరు వినిపిస్తుంది. దాన్ని ముద్ర అంటారు.

జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫంక్షన్‌కూ ఇలాంటి అవసరం పడుతుంది: లోపలి నుంచే తన పేరు చెప్పాలి. ఒకప్పుడు, నడుస్తున్న ఫంక్షన్‌ను సూచించే ‘ఆర్గ్యుమెంట్స్.కాలీ’ని అడిగేవారు. ఆ భాషకు 2009లో వచ్చిన ప్రమాణం, కఠిన నియమాలుండే స్ట్రిక్ట్ మోడ్‌లో దాన్ని నిషేధించింది. రాసేటప్పుడే ఫంక్షన్‌కు పేరు పెట్టి, లోపల ఆ పేరుతోనే దాని ‘నేమ్’ గుణాన్ని చదవడం నా దృష్టిలో మంచి పద్ధతి. ఆ గుణం 2015లో ప్రమాణంలో చేరింది. అయితే కోడ్‌ను కుదించే పనిముట్లు పేరును ఒక్క అక్షరానికి కత్తిరించగలవు. కాబట్టి ప్రోగ్రాం నడకను ఆ పేరు మీద ఆధారపడనివ్వకూడదు.

మకుటాన్నీ అంతగా నమ్మలేం. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశారు. అయితే వేమన పేరుతో ఇతరులు కట్టిన పద్యాలూ ప్రచారంలో ఉన్నాయి. వాటిని వేరు చేయడానికి పండితులు మకుటంతో ఆగక భాషనూ, భావాన్నీ, పాత రాతప్రతులనూ పరిశీలిస్తారు.