పాత కార్ల తివాచీలు

కారు లోపల అన్నిటికంటే ముందు అరిగేది నేల మీది తివాచీ. అందులోనూ డ్రైవరు కుడి మడమ ఆనే చోటు. యాక్సిలరేటరుకీ బ్రేకుకీ మధ్య తిరిగే కాలు మడమ మీదే తిరుగుతుంది కాబట్టి అక్కడ నూగు ముందు అణిగిపోతుంది, తర్వాత పోగులు లేస్తాయి, చివరికి అడుగున ఉన్న గోనె అల్లిక బయటపడుతుంది. కార్లు కట్టినవాళ్లకు ఈ సంగతి మొదటినుంచీ తెలుసు. ఆ చోట రబ్బరు ముక్కో తోలు ముక్కో వేసి కుట్టేవారు. మిగతా తివాచీని కూడా ఎప్పటికైనా తీసేసి కొత్తది వేయాల్సిందేనన్న లెక్కతోనే అమర్చేవారు. అర్ధశతాబ్దం పైన నడిచిన ఆ లెక్క 1960ల తర్వాత తప్పింది.

ఈ పని కార్లకంటే పాతది. లండన్‌లో గుర్రపు బగ్గీలు కట్టేవాళ్ల సంఘానికి రెండో చార్లెస్ రాజు 1677లోనే సన్నదు ఇచ్చాడు. బగ్గీ తయారీలో వడ్రంగి, కమ్మరి, రంగులవాడు తమ పని ముగించాక ట్రిమ్మర్ దిగేవాడు. సీట్లలో గుర్రపు వెంట్రుకలు కూరడం, పైన తోలు కుట్టడం, తలుపులకు లోపలివైపు గుడ్డ తొడగడం, నేలకు తివాచీ కత్తిరించి అంచు కట్టడం అతని వంతు. 1710లో మొదలైన బార్కర్, 1805లో మొదలైన హూపర్ లాంటి సంస్థలు రాజులకూ ప్రభువులకూ బగ్గీలు కట్టి పేరు తెచ్చుకున్నాయి. మోటారు కార్లు వచ్చాక అదే పనివాళ్లు అవే సూదులతో, అవే కత్తెరలతో కార్ల లోపలికి ప్రవేశించారు. రెండో ప్రపంచ యుద్ధం దాకా రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజను బిగించిన చాసిస్ మాత్రమే అమ్మేది. కొన్నవారు దాన్ని తమకు నచ్చిన సంస్థకు పంపి పైభాగం కట్టించుకునేవారు.

హైదరాబాదులో దీనికి సాక్ష్యం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కోసం ఆర్డరు చేసిన సిల్వర్ ఘోస్ట్ కారు పైభాగాన్ని బార్కర్ సంస్థే కట్టింది. ఆయన 1911 ఆగస్టులో చనిపోయాడు. కారు ఆ తర్వాత గానీ రాలేదు. పసుపు రంగు, వెనక సింహాసనంలా ఎత్తు చేసిన సీటు ఉన్న ఆ కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఎక్కువ దూరం తిరగని కారు అది. అలాంటి వాటిలో తివాచీ అరిగే ప్రశ్న దాదాపు రాదు. వాటికి శత్రువులు చిమ్మటలూ చెమ్మా మాత్రమే.

బగ్గీ నుంచి కారుకు పనితనంతోపాటు అంతస్తుల తేడా కూడా వచ్చింది. బగ్గీ తోలేవాడు బయట ఎండలో వానలో కూర్చునేవాడు, యజమాని లోపల. తొలినాటి లిమోజీన్లలోనూ అంతే. డ్రైవరు సీటుకు తోలు, అతని కాళ్ల కింద రబ్బరు పట్టా. అద్దం అడ్డుకు వెనక యజమాని సీటుకు మెత్తటి ఉన్ని గుడ్డ, కాళ్ల కింద ఉన్ని తివాచీ, కొన్నిటిలో దాని మీద మళ్లీ గొర్రె బొచ్చు పరుపు. తోలుకు ఇప్పుడున్న గొప్ప అప్పుడు లేదు. వాన తట్టుకుంటుంది కాబట్టి పనివాడికి కేటాయించిన సరుకు అది. 1930ల నాటి పెద్ద కారును బాగుచేసేవాళ్లు ఈ తేడా తెలియక ముందూ వెనకా ఒకే తివాచీ పరిస్తే, చూడ్డానికి ఎంత బాగున్నా అది ఆ కారుది కాకుండా పోతుంది.

అప్పట్లో నేల చెక్కది. చాసిస్ మీద పలకలు పరిచి మరలు బిగించేవారు. గేరుబాక్సు చూడాలన్నా, బ్రేకు కడ్డీలు సరిచేయాలన్నా ఆ పలకలు లేపాల్సిందే. అందుకే తివాచీని ఒకే గుడ్డగా అంటించకుండా ముక్కలుగా కత్తిరించి, ప్రతి ముక్క అంచుకూ తోలు పట్టీ కుట్టి, టిచ్ బటన్లతో నేలకు నొక్కేవారు. ఒకవైపు నుంచి లాగితేనే ఊడే రకం బటన్లు కూడా ఉండేవి. కాలు తగిలినంత మాత్రాన అవి ఊడవు. వానకు తడిసిన రోజు ముక్కలు పీకి ఎండలో ఆరేసుకోవచ్చు, దుమ్ము దులుపుకోవచ్చు. డ్రైవరు వైపు ముక్క అరిగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. తర్వాతి కాలంలో తోలు బదులు అంచులకు తోలులా కనిపించే గుడ్డ వచ్చింది. మాంచెస్టర్ దగ్గరి హైడ్ పట్టణంలో తయారైన రెక్సిన్ అందులో ఒకటి. తెలుగు ఊళ్లలో సీటు కవర్లు కుట్టే ప్రతి షాపులోనూ ఇప్పటికీ వినిపించే మాట అదే.

ఇక తివాచీ సంగతి. మంచి బ్రిటిష్ కార్లలో పరిచింది విల్టన్ రకం. దాన్ని పోలిన బ్రసెల్స్ రకాన్ని ఇంగ్లండ్‌లోని కిడర్‌మిన్‌స్టర్ ఊళ్లో 1749 నుంచి నేసేవారు. అందులో పడుగు పోగుల్ని ఇనప కడ్డీల మీదుగా పైకి లేపి నేస్తారు. కడ్డీ లాగేస్తే పోగులు చిన్న చిన్న చుట్లుగా నిలబడతాయి. విల్టన్ రకంలో ఆ కడ్డీ చివర చిన్న కత్తి ఉంటుంది. కడ్డీ బయటికి వస్తూ వస్తూ చుట్లన్నిటినీ కోసేస్తుంది. అలా కోసిన కొసలన్నీ నిటారుగా, దగ్గర దగ్గరగా నిలబడి మఖమల్ లాంటి పైభాగం వస్తుంది. అడుగున నూలు, జనపనార పోగులు గట్టిగా బిగిసి ఉంటాయి. నూగు పొట్టిగా, ఒత్తుగా ఉండటం వల్ల అరుగుదలను తట్టుకుంటుంది. ఉన్ని కాబట్టి నిప్పురవ్వ పడినా భగ్గున అంటుకోదు. సిగరెట్లు కాల్చే కాలంలో అదేమీ చిన్న విషయం కాదు.

ఈ నేతను మరమగ్గానికి ఎక్కించిన వాడు అమెరికన్ ఎరాస్టస్ బిగెలో. అతని మగ్గం మీద నేసిన తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనలో కనిపించాయి. హాలిఫాక్స్‌కు చెందిన క్రాస్లీ కుటుంబం ఆ పేటెంటు హక్కులు కొనుక్కుంది. అదే ప్రదర్శనలో వరంగల్ నుంచి వెళ్లిన చేతిముడుల తివాచీలు కూడా ఉన్నాయి. వాటి ముడుల సన్నదనాన్ని భారతీయ చేతిపనుల మీద పుస్తకాలు రాసిన జార్జ్ బర్డ్‌వుడ్ తర్వాతి కాలంలో ఎంతో మెచ్చుకున్నాడు. కానీ కార్లలోకి చేరింది మరమగ్గం సరుకే. ఒకే రంగు, ఒకే మందం, గజాల లెక్కన కావలసినంత దొరకడం ట్రిమ్మర్‌కు ముఖ్యం. పువ్వులూ తీగలూ అతనికి అక్కర్లేదు. గేరు కడ్డీ చుట్టూ రంధ్రం కోయాల్సిన గుడ్డ మీద అందమైన అల్లిక ఉంటే అది వృథా.

సామాన్యుల కార్లకు విల్టన్ అందేది కాదు. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టీ లాంటి వాటిలో రబ్బరు పట్టాదే పెత్తనం. బురద రోడ్ల కాలంలో అది న్యాయమైన ఏర్పాటే. ఖరీదైన కార్లలోనూ అన్ని చోట్లా విల్టన్ ఉండేది కాదు. ఫెల్టు మీద ప్లాస్టిక్ పొర అంటించిన హార్డ్యూరా అనే సరుకును జాగ్వార్ కంపెనీ ఈ-టైప్ డిక్కీ నేలకు వాడింది. జర్మనీలో పోర్షె 356 లాంటి కార్లకు నూగు కోయని, చిన్న చిన్న చదరాలు పేర్చినట్టు కనిపించే గట్టి ఉన్ని తివాచీ వేశారు. దాని మీద వేసుకోవడానికి చాలామంది యజమానులు కొబ్బరిపీచు పట్టాలు కొనుక్కునేవారు. కేరళలో 1859లో అలెప్పీలో జేమ్స్ డారా పెట్టిన ఫ్యాక్టరీతో మొదలైన పరిశ్రమకు ఐరోపాలో దొరికిన మార్కెట్లలో కారు నేల కూడా ఒకటి. పీచు సందుల్లోంచి ఇసుకా మంచునీళ్లూ కిందికి జారిపోతాయి, చెప్పులు శుభ్రంగా ఉంటాయి. కింద ఉన్న తివాచీ గతి వేరే సంగతి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రెండు మార్పులు వచ్చాయి. మొదటిది కారు నిర్మాణంలో. విడి చాసిస్ పోయి, నేల, గోడలు, కప్పు అంతా కలిపి నొక్కిన ఉక్కు రేకుల డొల్ల వచ్చింది. రోల్స్ రాయిస్ కూడా 1965 నాటి సిల్వర్ షాడోతో ఆ దారి పట్టింది. దాంతో తివాచీ కింద చెక్క పలక బదులు కారు బరువు మోసే రేకే వచ్చింది. చెక్క కుళ్లితే పలక మార్చుకోవచ్చు. రేకు తుప్పు పడితే కారు నడుమే విరిగినట్టు.

రెండో మార్పు అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ ఊరి నుంచి వచ్చింది. 1895లో కేథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి గుడ్డలో నూలు పోగులు గుచ్చి కొసలు కత్తిరించి ఒక దుప్పటి తయారు చేసింది. ఆ చేతిపని ఊరంతా పాకి, మిషన్ల మీదికి ఎక్కి, 1950 ప్రాంతంలో తివాచీల పరిశ్రమగా మారింది. ఇందులో నేత లేదు. సిద్ధంగా ఉన్న అడుగు గుడ్డలోకి వందలాది సూదులు ఒకేసారి పోగుల్ని దిగ్గొడతాయి, వెనకవైపు రబ్బరు పాలు పూసి వాటిని పట్టి ఉంచుతారు. పని వేగం, ఖర్చు తక్కువ. అమెరికన్ కార్లలో మొదట రేయాన్, నైలాన్ కలిపిన చుట్ల తివాచీ వచ్చింది. రేయాన్ ఎండకు త్వరగా వెలిసిపోతుంది. 1970ల మధ్య నుంచి నూగు కోసిన నైలాన్ దాని చోటు తీసుకుంది. 1972 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మే కార్ల లోపలి సరుకు నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించిన వేగంతో కాలకూడదన్న నియమం కూడా అమల్లోకి వచ్చింది.

తివాచీ వెనక ప్లాస్టిక్ పొర వేసి, వేడిచేసి, నేల ఆకారంలో ఉన్న అచ్చులో నొక్కితే గేరుబాక్సు ఉబ్బుతో సహా ఆ వంపులన్నీ గుడ్డకు వస్తాయి. 1964లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ తరం కార్లతో ఈ పద్ధతి ఊపందుకుంది. కుట్టు లేదు, అంచు పట్టీ లేదు, టిచ్ బటన్ లేదు. ఫ్యాక్టరీలో ఒక మనిషి నిమిషాల్లో పరిచేస్తాడు. అయితే దాన్ని తీయాలంటే సీట్లు, బెల్టులు, గుమ్మాల పట్టీలు, మధ్య కన్సోలు అన్నీ విప్పాలి. ఆరేసుకునే సదుపాయం పోయింది. తడి లోపలే ఉండిపోయింది.

భారతదేశంలో ఈ కథ ఇంకో తీరున నడిచింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో తయారు చేసిన అంబాసిడర్ 1950ల చివర నుంచి 2014 దాకా వచ్చింది. ఏళ్ల తరబడి టాక్సీగా తిరిగిన కారుకు రబ్బరు మ్యాటే దిక్కు. సొంత కార్లవాళ్లు సీటు కవర్ల షాపులో తమకు నచ్చిన గుడ్డ ఎంచుకుని నేల కుట్టించుకునేవారు. దిగుమతి సరుకు దొరకని దశాబ్దాల్లో ఆ షాపుల మిషన్లే బార్కర్ ట్రిమ్మర్ల పనిని ఇక్కడ కొనసాగించాయనడం అతిశయోక్తి కాదు. వాళ్లూ పాత ముక్కను కింద పరిచి సుద్దతో గీసి కొత్త ముక్క కోసేవారు.

మార్చే పద్ధతి ఏ దేశంలోనైనా ఒకటే. ముందు సీట్లు విప్పాలి. పాత తివాచీని చింపకుండా, వచ్చిన వరస గుర్తుపెట్టుకుంటూ తీయాలి. ప్రతి ముక్క వెనకా ఎడమా కుడీ, ముందూ వెనకా రాసుకుంటారు. ఎంత చివికినా ఆ ముక్కే కొత్తదానికి నమూనా, దాన్ని పారేసినవాడు తర్వాత అట్ట ముక్కలతో కుస్తీ పట్టాలి. కింద జనపనార ఫెల్టు ఉంటుంది. అది ఏళ్ల తరబడి నీళ్లు పీల్చి ముద్దైపోయి ఉంటే దాని కింది రేకు సంగతి వేరే చెప్పక్కర్లేదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. సుత్తి పిడితో తట్టితే గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో కనిపెట్టకుండా, రేకు అతికి రంగు వేయకుండా కొత్త తివాచీ పరిస్తే డబ్బు దండగ. సాధారణంగా ముందు అద్దం రబ్బరు, తలుపు అంచు రబ్బరు, హీటరు గొట్టం దోషులుగా తేలతాయి.

కోతలో కళ్లు పెట్టి చూడాల్సింది నూగు వాలు. ముక్కలన్నీ ఒకే వాలుకు కోయకపోతే ఒకే తానులోని గుడ్డ కూడా రెండు రంగుల్లా కనిపిస్తుంది. గుడ్డ మిగలాలన్న ఆశతో ముక్కల్ని అడ్డదిడ్డంగా పేర్చే పనివాడి తప్పు కారు తలుపు తీయగానే తెలిసిపోతుంది. గీతలు వెనకవైపు గీస్తారు కాబట్టి ఎడమ ముక్క కుడి ముక్కగా తేలే ప్రమాదం కూడా ఉంది. ఉబ్బు మీది ముక్కను చివర కోస్తారు. గేరు కడ్డీ రంధ్రాన్ని కారులో పరిచి చూశాకే పొడుస్తారు.

పాత కార్ల సరదా వ్యవస్థగా మారాక తివాచీ ఒక వివాదంగా కూడా మారింది. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో 1950లో మొదలైన పోటీ లాంటి వాటి ప్రభావంతో అన్నీ కొత్తగా మెరిసేలా చేయడం ఒకప్పుడు ఆచారమైంది. కొన్ని కార్లకు ఫ్యాక్టరీలో ఎన్నడూ వేయనంత ఖరీదైన విల్టన్ వేశారు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రం దీనికి ఎదురుగా నిలిచింది. మిగిలిన అసలు సరుకును కాపాడటం ముందు, మార్చడం తర్వాత అన్నది దాని సారాంశం. భారత ప్రభుత్వం 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు చాసిస్, బాడీ, ఇంజను మారకూడదంటాయి. యాభై ఏళ్లు దాటి ఆ షరతు నెరవేర్చిన బండికి నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. తివాచీ జోలికి మాత్రం ఆ నియమం పోదు.

తివాచీ అసలు రంగు తెలుసుకోవాలంటే సీటు పట్టాల కింద, పక్క అట్టల వెనక వెతకాలి. ఎండ పడని ఆ చోట్ల దొరికే బెత్తెడు ముక్కను బట్టి రంగు అద్దిస్తారు. 1930ల కారుకు ఇది చాలు, ఎందుకంటే కోతా కుట్టూ తెలిసిన మనిషి ఉంటే పని జరిగిపోతుంది. 1970ల కారుకు అలా కాదు. అమెరికాలో బాగా అమ్ముడైన మోడళ్లకు అచ్చు తివాచీలు మళ్లీ తయారు చేసి అమ్మేవాళ్లు ఉన్నారు గానీ, తక్కువ అమ్ముడైన మోడళ్ల అచ్చులు ఎక్కడా మిగల్లేదు. వాటికి మళ్లీ సుద్దా కత్తెరా పట్టుకుని, అచ్చు ఇచ్చిన వంపుల్ని ముక్కలుగా విడగొట్టి, కుట్టు కనపడకుండా కలపాల్సి వస్తోంది.